నిన్న ఎవరు ఆపారండి?

మొన్న రేపల్లెలో రైలుగేటు దగ్గర ఆగి కూరగాయలు కొనుక్కున్నాను. తిరిగి వచ్చి కూర్చుంటే కారు కదలనంది. అడవులదీవి దారిలో ఉన్న మా బడి నుంచి తెనాలిలో ఇంటికి వెళ్తున్నాను. సాయంత్రం ఎండ ఇంకా చుర్రుమంటోంది. తాళం తిప్పితే టిక్ టిక్‌మని ఊరుకుంది. నేనేం కంగారు పడలేదు. ఫోను తీసి మా మెకానిక్కు బాబాయ్ నంబరు నొక్కాను. ఆ నంబరుకి ఫోను చేసి రెండేళ్ళు దాటిందన్న స్పృహ కూడా లేకుండా నొక్కాను.

వాళ్ళబ్బాయి ఎత్తాడు. "నాన్నగారు లేరండి. పోయి నెల దాటింది" అన్నాడు.

మళ్ళీ అతనే అడిగాడు: "బండేమన్నా ఆగిందా అండి?"

"లేదు నాన్నా, ఊరికే చేశాను" అన్నాను.

పచ్చి అబద్ధం. ఒక మనిషి పోయిన సంగతి నెల తర్వాత, అదీ నా అవసరం కొద్దీ తెలిసిందని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. బండి బాగున్నన్నాళ్ళూ మెకానిక్కు ఎవరికీ గుర్తు రాడు, లోకం తీరే అంత, అని సరిపెట్టుకోవచ్చు. కానీ నేను ఆయన్ని మరిచిపోయి వెళ్ళడం మానలేదు. అలిగి మానేశాను. ఎందుకు అలిగానో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటివారో చెప్పాలి.

తెనాలిలో కాలవ గట్టున ఒక రేకుల షెడ్డు. దానికి బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, "నడిచే బండ్లకి నాతో పనిలేదు. నడవనివి బోర్డు చూసుకుంటూ రాలేవు కదమ్మా" అనేవారు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా. అంత ఆయిల్లో మునిగి తేలే మనిషి చొక్కా చేతులు మడవగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా చెయ్యి కలపబోతే, వేళ్ళకున్న నల్లదనం అంటుతుందని, వేళ్ళు లోపలికి మడిచి మణికట్టు చాపేవారు. పెద్ద పెద్దవాళ్ళు కూడా ఆ మణికట్టునే పట్టుకుని ఊపి నవ్వేవాళ్ళు. మా అత్తగారు ఆయన్ని సాయిబుగారూ అనేవారు. నేను బాబాయ్ అనేదాన్ని.

బండి కదలడం లేదని ఎవరొచ్చినా ఆయన ముందుగా బానెట్టు తీసేవారు కాదు. స్టూలు చూపించి కూర్చోమనేవారు. కూర్చున్నాక ఒకటే ప్రశ్న.

"నిన్న ఎవరు ఆపారండి?"

ముహూర్తానికి టైమైపోతోందని చిందులేస్తున్నవాడినీ అదే అడిగేవారు. "ఆపినోడి సంగతెందుకయ్యా, ముందు స్టార్టు చెయ్యి" అని ఒకాయన కసిరితే, "ఇవాళ ఎందుకు కదల్లేదో తర్వాత చూద్దామండి. నిన్న ఎలా ఆగిందో చెప్పండి" అన్నారు, గొంతు పెంచకుండా. చచ్చినట్టు చెప్పాడు. నిన్న పిల్లల్ని తీసుకుని బాపట్ల వెళ్ళాం, సముద్రం ఒడ్డున తలుపులు బార్లా తీసి సాయంత్రం దాకా పాటలు పెట్టుకున్నాం, వస్తుంటే లైట్లు కాస్త డల్లుగా ఉన్నాయి అంటూ. చెబుతూ చెబుతూ వాడే మధ్యలో ఆగిపోయాడు.

"పాటలు విన్నది మీరు, నీరసం దానికి" అన్నారు ఆయన లేస్తూ. బ్యాటరీ ఛార్జింగుకి పెట్టారు.

తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడు కోసం షెడ్డులో ఫ్యాను ఆపించేవారు, ఫోన్లో మాట్లాడేవాళ్ళని బయటికి పంపించేవారు. టిక్ టిక్‌మంటే ఆకలి. అసలు పలక్కపోతే అలక. గిర్రున తిరుగుతూ అంటుకోకపోతే పనికి వచ్చింది గానీ మనసు పెట్టడం లేదని అర్థం. ఇవన్నీ మాలాంటివాళ్ళ కోసం చెప్పే మాటలని ఆయనే అనేవారు. "నేను లోపల అనుకునేది రెండేనమ్మా. కరెంటు రాట్లేదా, పెట్రోలు రాట్లేదా. కానీ ఆ మాట చెప్తే మీరు బండిని చూస్తారు. ఈ మాట చెప్తే వింటారు" అనేవారు.

కొడుకు ఒక స్కానరు కొన్నాడు. బండికి తగిలిస్తే రోగాలన్నీ ఫోనులో కనిపించేవి. దాన్ని ఆయన వెక్కిరించలేదు, కళ్ళజోడు పైకి నెట్టుకుని శ్రద్ధగా చూసేవారు. చూశాక మాత్రం, "ఇది బండినే అడుగుతుంది. మనిషిని అడగదు" అని స్టూలు ముందుకు జరిపేవారు.

కారు లోపలి దుమ్ము చూసి ఊరు చెప్పేవారు. ఇసకైతే బాపట్ల, అరటి నార కనిపిస్తే కొల్లూరు లంకలు, రొయ్యల మేత వాసనైతే మా బడి వైపు. ఆ ఊళ్ళవాళ్ళ మీద ఆయన దగ్గర కథలుండేవి. కొల్లూరు రైతొకాయన అరటి గెల ముందు సీట్లో పెట్టి, కారు కుయ్యో కుయ్యోమంటోందని గెలకి సీటు బెల్టు కట్టాడట. బాపట్ల డాక్టరుగారు కారుని ఇంకో కారుకి కట్టి తెనాలి దాకా లాక్కొస్తే, తీరా చూస్తే ట్యాంకులో చుక్క లేదట. "అన్నం పెట్టకుండా పేషెంటుని నా దగ్గరికి తెచ్చాడమ్మా, డాక్టరై ఉండి" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవారు. ఆ డాక్టరుగారు అక్కడే ఉన్నా చెప్పేవారు, ఆయనా నవ్వేవాడు. ఎవరి బండి ఎందుకు ఆగిందో కాలవ గట్టున అందరికీ తెలిసేది. ఇది గుర్తుంచుకోండి, నా గొడవ అంతా దీని దగ్గరే వచ్చింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయన ఎవరి కారులోనైనా ఎక్కే ముందు చెప్పులు విడిచేవారు. సీటు మీద పాత పేపరు పరిచేవారు. కాళ్ళ కింద ఏదైనా గుడ్డో పట్టానో ఉంటే తీసి, మడిచి, శుభ్రమైన చోట పెట్టేవారు. పని అయ్యాక మళ్ళీ ఎలా ఉన్నది అలా పరిచేవారు. "మీకు ఇది ఇల్లులాంటిది కదండి. నా కాళ్ళ నిండా ఆయిలు" అనేవారు.

నాకు సముద్రం వైపు బడికి బదిలీ అయింది. తెల్లవారుజామునే రైలెక్కి రేపల్లె, అక్కడ బస్సు, బస్సు దిగి ఆటో. తొమ్మిదిలోపు బళ్ళో ఫోను ముందు మొహం చూపించకపోతే హాజరు పడదు. ఏడాది అలా తిరిగాక ఉద్యోగం మానేద్దామన్నంత విసుగొచ్చింది. అప్పుడు ఒక పాత కారు కొని, నలభై రెండేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాను. చెప్పులు జారుతున్నాయని వట్టి కాళ్ళతో తోలడం అలవాటైంది. మొదటిసారి ఒక్కదాన్నే రేపల్లె దాటి వెళ్ళిన రోజు, బడి ముందు కారు ఆపి, దిగకుండా రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను. అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మా అత్తగారు నా డ్రైవింగు గురించి మంచీ అనలేదు, చెడూ అనలేదు. జూన్‌లో బడి తెరిచాక ఒకరోజు నా అరికాళ్ళు ఎర్రగా కమిలి ఉండటం చూశారు. ఎండలో నిలబెట్టిన కారు నేల పెనంలా కాలిపోతుంది మరి. మర్నాటికల్లా తన పాత చీరలు మూడు మడతలు పెట్టి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, చిన్న బొంత కుట్టి నా కాళ్ళ దగ్గర పరిచారు. "కాలకుండా ఉంటాయి" అన్నారు, అంతే. నా మటుకు అసలైన లైసెన్సు ఆ రోజే చేతికొచ్చింది.

నెల తిరక్కముందే కారు మొరాయించడం మొదలుపెట్టింది. లైట్లన్నీ వెలిగేవి. తాళం తిప్పితే చప్పుడుండేది కాదు, టిక్కు కూడా అనేది కాదు. ఒక్కోరోజు బాగానే అయ్యేది, ఒక్కోరోజు ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. మా ఆయన వచ్చి, బూట్లతో ఎక్కి, ఒక్క తిప్పు తిప్పితే బుర్రుమనేది.

"డాక్టర్లకి హస్తవాసి ఉంటుందంటారు చూడు. నీకు కార్ల విషయంలో ఆ వాసి లేదే" అనేవారు నవ్వుతూ. మొదట్లో నేనూ నవ్వాను.

బాబాయ్ వచ్చారు. నిన్న ఎవరు ఆపారని అడిగారు. నేనే. ఎలా ఆపారు? రోజూ ఆపినట్టే. చెప్పులు విడిచి, బొంత తీసి మడిచి గడప మీద పెట్టి, పేపరు పరుచుకుని కూర్చుని తిప్పారు. వెంటనే స్టార్టయింది. బ్యాటరీ తీగలు తుడిచి బిగించారు. రెండు రోజులు బాగుండి మళ్ళీ ఆగింది. మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఆయన చేతిలో బంగారంలా నడిచింది. మూడోసారి షెడ్డుకి తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచుకున్నారు. స్కానరు తగిలించారు. పొద్దునా మధ్యాహ్నమూ చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ తిప్పి చూశారు, ఒక్కసారి కూడా ఆగలేదు. తెచ్చి ఇచ్చి, "రోగం దొరకలేదమ్మా. ఏమీ చెయ్యకుండా చేశానని చెప్పను" అని తల దించుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఆగింది. రైలు దొరకలేదు. హాజరు పడలేదు, హెడ్మాస్టరుగారు సంజాయిషీ రాసిమ్మన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మెల్లగా అన్నారు, సంగం జాగర్లమూడిలో తెలిసినాయన కారు అడుగుతున్నాడని, ఆదివారం చూసుకోవడానికి వస్తాడని. "నీకూ దానికీ పొసగలేదు. రైలే నయం" అన్నారు. కోపంగా అంటే పోట్లాడేదాన్ని. జాలిగా అన్నారు. నా చేతిలో నడవని బండి అందరి చేతుల్లోనూ నడుస్తోంది. ఇక నేనేం వాదించను? బండి పోతే పోయింది, తప్పు నాలోనే ఉందన్న మాట ఆ ఇంట్లో ఖాయమైపోతుంది. అది నాకు మింగుడుపడలేదు.

శనివారం సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను. "ఇంక మీరు రావద్దులే బాబాయ్. రేపు బేరానికొస్తున్నారు. మా ఆయనకి అవుతోంది, మీకు అవుతోంది. బండిలో ఏం లేదు. నాలోనే ఏదో ఉంది" అన్నాను.

ఆయన చేతిలో పానా కింద పెట్టారు. "మనిషిని చూసి ఆగడానికి అదేమన్నా కుక్కా అమ్మా? ఇనుము. దానికి మీరూ సారూ ఒకటే."

"మరి ఎందుకు?"

"తెలీదు. తెలీదు కాబట్టే వస్తా. రేపు ఆదివారమని చూడకండి. బడికెళ్ళేటప్పుడు ఎలా వస్తారో అలా రండి. బ్యాగు, క్యారేజీ, నీళ్ళసీసా అన్నీ ఉండాలి. ఏదీ మార్చొద్దు."

ఆదివారం ఏడింటికి వచ్చారు. నేను చీర కట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని, బడి లేని రోజున బడికి బయల్దేరాను. మా ఆయన వరండాలో కాఫీ గ్లాసుతో నిలబడి చూస్తున్నారు. అత్తగారు గుమ్మంలో ఉన్నారు. బాబాయ్ బానెట్టు వైపు వెళ్ళలేదు. నా వైపు తలుపు తెరిచి ఉంచమని, నేల మీద గొంతుక్కూర్చుని, నా కాళ్ళ వైపు చూస్తూ "తిప్పండి" అన్నారు.

తిప్పాను. చప్పుడు లేదు.

"మళ్ళీ."

మళ్ళీ లేదు. ఆయన చెయ్యి లోపలికి పెట్టి, నా పాదం పక్కన, క్లచ్చు కింద తడిమారు. తడిమి అక్కడే చతికిలబడి నుదురు కొట్టుకున్నారు.

"ఏంటి బాబాయ్?"

"బొంతమ్మా" అన్నారు.

ఆ కారు క్లచ్చు నేల దాకా నొక్కితే తప్ప స్టార్టవదు. నొక్కినట్టు దానికి తెలియడానికి పైన చిన్న బటనుంటుంది. బొంత ముందుకు జరిగి క్లచ్చు కింద చేరిన రోజున ఆ ఆఖరి అరంగుళం దిగడం లేదు. నాది వట్టి కాలు, మెత్తగా వేస్తాను. మా ఆయన బూటు కాలుతో తొక్కితే బొంత అణిగిపోతోంది.

"మరి మీకెలా అయింది?" అని అడిగాను.

"నేను ఎక్కేముందు తీసేస్తాను కదమ్మా. మూడుసార్లు తీశాను, మడిచాను, పక్కన పెట్టాను. దిగాక మళ్ళీ నా చేత్తోనే పరిచాను."

మా ఆయన పకపకా నవ్వారు. "అయితే అత్తా కోడళ్ళు కలిసి బండి ఆపారన్నమాట!"

గుమ్మంలో అత్తగారి మొహం చిన్నబోయింది. "నేను కుట్టిన దాని వల్లేనా సాయిబుగారూ?" అన్నారు.

ఆయన లేచి నిలబడ్డారు. "లేదండి పెద్దమ్మగారూ. బొంత మంచిదే. సార్, ఆపింది వీళ్ళు కాదండి. ఆపింది నేను" అన్నారు. బొంతకి వెనక వైపు రెండు తాళ్ళు కుట్టి సీటుకి కడితే జరగదని ఆవిడకి చూపించారు. ఆవిడ అప్పటికప్పుడు సూదీ దారం తెచ్చుకున్నారు. సంగం జాగర్లమూడి ఆయన వచ్చేసరికి ఇంకా కుడుతూనే ఉన్నారు. "బండి అమ్మటం లేదండి" అని ఆయనతో నేనే చెప్పాను. మా ఆయన అతన్ని గేటు దాకా సాగనంపి వచ్చారు.

ఇక నా అలక సంగతి. బాబాయ్ స్కూటరెక్కుతుంటే గేటు దాకా వెళ్ళి, "ఇది మాత్రం ఎవరికీ చెప్పకండి బాబాయ్" అన్నాను. అరటి గెలా, ఖాళీ ట్యాంకూ, ఆ తర్వాత టీచరమ్మ బొంత. తలుచుకుంటేనే సిగ్గేసింది.

"చెప్పకుండా ఎలాగమ్మా? రేపు ఇంకొకళ్ళకి ఇలా కాకూడదు కదా" అని వెళ్ళిపోయారు.

ఒళ్ళు మండింది. కాలవ గట్టున నా పేరు చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటారనుకుని ఆ వైపు వెళ్ళడం మానేశాను. చిన్నా చితకా పనులు రేపల్లెలోనే చేయించుకున్నాను. అలా రెండేళ్ళు.

మొన్న రైలుగేటు దగ్గర, ఫోను పెట్టేశాక, నన్ను నేనే అడిగాను: నిన్న ఎవరు ఆపారు? నేనే. లైట్లు వదిలెయ్యలేదు, పాటలు వినలేదు. టిక్ టిక్ అంటే ఆకలి. బ్యాటరీ నిండుగా ఉండీ ఆకలి అంటోందంటే అన్నం అందడం లేదు. బానెట్టు తీసి చూస్తే బ్యాటరీ తీగ మొదట్లో తెల్లగా, ఆకుపచ్చగా పొక్కింది. ఉప్పుగాలి. ఆయనెప్పుడో చెప్పారు, మీ వైపు గాలికి ఇది తప్పదని. గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ గట్టిగా తిప్పి బిగించాను. వెంటనే స్టార్టయింది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఇంటికి వెళ్ళకుండా నేరుగా వాళ్ళింటికి పోనిచ్చాను.

ఇల్లు షెడ్డు వెనకే. ఆయన భార్య, భర్త పోయాక వాళ్ళలో పాటించే గడువు రోజుల్లో ఉన్నారు, గది దాటి బయటికి రారు. నన్ను లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఫలానా అని చెప్పుకోలేదు. వాళ్ళ దగ్గరికి బండి తెచ్చేదాన్నని మాత్రం అన్నాను. ఆవిడ ఆయన మాటలే చెబుతూ కూర్చున్నారు. ఆఖరి నెల మంచంలో ఉండి కూడా షెడ్డులో చప్పుడు విని ఏ బండికి ఏమైందో చెప్పేవారట. చూడ్డానికి ఎవరొచ్చినా కథలు చెప్పి నవ్వించేవారట.

"అందరి మీదా చెప్పేవారమ్మా. తన మీద ఒకటే ఉంది. అదే ఎక్కువసార్లు చెప్పారు" అన్నారు.

"ఏం కథండి?"

"'ఒక మెకానిక్కు ఉన్నాడు, మర్యాద ఎక్కువ, తెలివి తక్కువ' అని మొదలుపెట్టేవారు. 'ఎక్కేముందు బొంత తీసేవాడు, దిగాక పరిచేవాడు. రోగాన్ని తీసి పక్కన పెట్టి, రోగమేదీ రోగమేదీ అని మూడు వారాలు వెతికాడు' అని. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. అప్పట్నుంచే కదా, బండి ఎవరిదైతే వాళ్ళే ముందు తాళం తిప్పాలని రూలు పెట్టుకున్నారు. మా అబ్బాయికీ అదే నేర్పారు."

"ఆ బండి ఎవరిదని చెప్పేవారు?" అని అడిగాను.

"ఎవరిదనేది అందులో ఉండదమ్మా. ఒక మెకానిక్కూ, ఒక బొంతా, అంతే." ఆవిడ నా మొహంలోకి చూశారు. "మీ బండా అది?"

అవునన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. షెడ్డులోకి ఎవరో బండి నెట్టుకొచ్చినట్టున్నారు. వాళ్ళబ్బాయి గొంతు వినిపించింది: "కూర్చోండి సార్. నిన్న ఎవరు ఆపారండి?"

రెండేళ్ళు నేను ఏ నవ్వుకి భయపడి ఆ గట్టు తొక్కలేదో, ఆ నవ్వంతా ఆయన తన మీదే వేసుకున్నారు. ఆయన బతికి ఉండగా ఒక్కసారి వెళ్ళి ఉంటే తెలిసేది. వెళ్ళలేదు. అందుకే ఆ కథ ఇప్పుడు నేను చెబుతున్నాను. ఆయన చెప్పిన దాంట్లో నేను లేను. ఇందులో ఉన్నాను. కారు మాదే, బొంత మా అత్తగారు కుట్టిందే, దాని మీద పెట్టిన కాలు నాదే.